కంప్యూటరులోని తూములు, వాని ముద్ర



మైదుకూరు నాలుగు త్రోవలు కూడు ఊరు. ప్రొద్దుటూరునుండి ఒకటి, కడపనుండి ఒకటి, నంద్యాలనుండి ఒకటి, బద్వేలునుండి ఒకటి వచ్చి ఇచ్చట కలియును. నాలుగు దిక్కుల సరకు చేరు చోట కొలత తగాదా తప్పదు. పూర్వము ఒక ఊరి తూము మఱియొక ఊరి తూముతో సరిపోయెడిది కాదు. పేరు ఒక్కటియే, పట్టు గింజలు మాత్రము వేఱు. 1956వ సంవత్సరమున మన ప్రభుత్వము తూనికలు కొలతల చట్టమును చేసి, 1958 అక్టోబరు మొదలు మెట్రిక్ తూనికలను క్రమక్రమముగా ప్రవేశపెట్టెను. అప్పటినుండి తూకపు ఱాతిపై ప్రభుత్వ ముద్ర యున్నదా లేదా యని చూచుట మనకు అలవాటైనది. నేడు నేను చెప్పబోవునది కంప్యూటరును గూర్చిన విషయము. ఐనను దాని మొదలు కూడ ఈ తూము తగాదాయే.

కంప్యూటరనగా పట్టణమున నెక్కడనో యుండు వింతవస్తువని తలపవలదు. చౌకదుకాణములో వ్రేలిముద్ర తీసికొను పెట్టె కంప్యూటరే. బ్యాంకులో పాసుపుస్తకము అచ్చువేయు యంత్రమును, జేబులోని సెల్‌ఫోనును కంప్యూటర్లే. ఇట్టి యంత్రములలో చాలవాని అడుగున పనిచేయునది సీ అను భాష. దీనిని అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో డెన్నిస్ రిచీ యను పండితుడు 1972 ప్రాంతమున రూపొందించెను. ఈ భాషతోపాటు కొన్ని చిన్న పనిముట్లు వచ్చును. వీని సముదాయమును లైబ్రరీ యందురు. పేరు విని పుస్తకశాల యనుకొనరాదు. ఇది వడ్రంగి సంచివంటిది. వడ్రంగి ప్రతి మంచమునకును క్రొత్తగా ఉలి చేసికొనడు గదా! అట్లే ప్రోగ్రాము వ్రాయువాడును సంచిలోని పనిముట్టును తీసి వాడుకొనును.

ఆ పనిముట్లలో మిక్కిలి అడుగువి నాలుగైదు. ఒకచోటి వ్రాతను మఱియొకచోటికి నకలు చేయునది మెమ్‌కాపీ. నకలు తీయవలసిన చోటును, దింపవలసిన చోటును ఒకదానిపై నొకటి పడునప్పుడు వాడదగినది మెమ్‌మూవ్. రెండు వ్రాతలు సమానమా కాదా యని చూచునది మెమ్‌కంప్. రెండు పేర్లలో ఏది ముందో ఏది వెనుకో చెప్పునది స్ట్ర్‌కంప్. పేరు పొడవును కొలుచునది స్ట్ర్‌లెన్. ఇవి చూచుటకు అల్పములు. ఐనను పెద్ద ప్రోగ్రాములన్నియు వీనిపైననే నిలిచియున్నవి. పునాదిలో ఱాయి కదలినచో గోడ యంతయు పగులును.

మొదట ఈ పనిముట్లకు శాస్త్రమనునది లేదు. 1978లో కెర్నిఘన్, రిచీ అను నిరువురు వ్రాసిన పుస్తకమొక్కటియే ఆధారము. దానిని చదివి ఒక్కొక్క సంస్థవారు తమకు తోచినట్లు పనిముట్లు చేసికొనిరి. ఒకరి యంత్రమున సరిగా నడచిన ప్రోగ్రాము వేఱొకరి యంత్రమున తప్పెడిది. అందుచే 1983లో అమెరికా ప్రమాణసంస్థవారు ఒక సంఘమును నియమించిరి. ఆ సంఘము సిద్ధపఱచిన ప్రమాణగ్రంథము 1989లో అంగీకరింపబడెను. 1990లో ప్రపంచ ప్రమాణసంస్థ దానిని స్వీకరించెను. తరువాత 1999, 2011, 2018, 2024 సంవత్సరములలో దానికి సవరణప్రతులు వెలువడినవి.

ఇట్టి పని మన కడపలో పూర్వమొకటి జరిగినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. వేమన పద్యముల తాళపత్రప్రతులను చూడగా ఒక ప్రతిలోని పాఠము మఱియొక ప్రతిలో లేదు. ఆయన ప్రతులను సేకరించి, పండితులను కూర్చుండబెట్టి, పాఠములను సరిపోల్చి శుద్ధప్రతులను సిద్ధము చేయించెను. సీ భాషా సంఘమువారును ఇంచుమించుగా అట్లే చేసిరి. క్రొత్త భాషను కల్పింపలేదు. అప్పటికే వాడుకలో నున్న పద్ధతులను చేర్చి, పోల్చి, ఎక్కువమందికి సమ్మతమైనదానిని వ్రాతలో పెట్టిరి. మన పండితుల మాటలో చెప్పవలెనన్నచో, లక్ష్యమును చూచి లక్షణము వ్రాసిరి.

లక్షణగ్రంథమని యెందుకంటిననగా, దీని నడక మన వ్యాకరణపు నడకవంటిదే. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమును చదివినవారికి నిత్యము, వైకల్పికము అను మాటలు తెలియును. రాముడు, అతడు అను మాటలు కలిసినప్పుడు రాముడతడు అనియే కావలెను, అది నిత్యము. ఏమి, అంటివి అనునవి కలిసినప్పుడు ఏమంటివి యనవచ్చును, ఏమియంటివి యనవచ్చును, అది వైకల్పికము. సీ ప్రమాణములోను ఇట్టి తరగతులు కలవు. కొన్ని తప్పక చేయవలసినవి. కొన్ని రెండు మూడు విధములలో ఏదైనను సరే యని విడిచినవి. కొన్ని పనిముట్టు చేసినవాడు ఒక విధమును ఎంచుకొని, ఎంచుకొన్నదేదో వ్రాసి తెలుపవలసినవి. ఇక నాలుగవ తరగతి ప్రమాదకరమైనది. అచ్చట శాస్త్రము ఏమియు చెప్పదు. అట్టి చోట అడుగుపెట్టినవానికి ఏమి జరిగినను అడుగు హక్కు లేదు.

ఇక స్ట్ర్‌కంప్ సంగతి చెప్పెదను. ఇందులో నేనే తప్పు చేసితిని గావున వివరముగా చెప్పగలను.

కంప్యూటరు అక్షరములను అంకెలుగా దాచును. ఒక చిన్న అఱను బైటు అందురు. అందులో 0 మొదలు 255 వఱకు ఏదో యొక అంక్కె పట్టును. ఇంగ్లీషు అక్షరములకు ఒక్కొక్క అఱ చాలును; పెద్ద బడి ‘ఏ’కు 65. తెలుగు అక్షరమునకు నేటి వాడుకపద్ధతిలో మూడు అఱలు కావలెను. మైదుకూరులోని మొదటి ‘మ’కు 224, 176, 174 అను మూడంకెలు వరుసగా నుండును. ఇంతవఱకు చిక్కు లేదు. చిక్కేమనగా, అదే అఱను రెండు విధముల చదువవచ్చును. ఒక చదువులో 0 మొదలు 255. మఱియొక చదువులో పై సగమంతయు అప్పుపద్దు. అనగా 128 మొదలుకొని ప్రతి అంకెనుండియు 256 తీసివేయవలెను. అప్పుడు 224 కాస్త ఋణము 32 అగును. ఒకే పద్దును ఒకరు జమగాను, వేఱొకరు అప్పుగాను చదివినట్లు. సాధారణపు అక్షరపు అఱను ఏ విధమున చదువవలెనో సీ ప్రమాణము యంత్రము చేయువారికే విడిచినది. బల్లలమీది ఇంటెల్ జాతి యంత్రములలో సామాన్యముగా అప్పుచదువు. సెల్‌ఫోన్లలోని ఆర్మ్ జాతి యంత్రములలో తఱచుగా జమచదువు.

ఐతే స్ట్ర్‌కంప్ విషయమున మాత్రము శాస్త్రము నిత్యమని విధించినది. యంత్రము ఏ జాతిదైనను సరే, పేర్లను పోల్చునప్పుడు అఱలను జమచదువుతోనే చదువవలెను. నేనొక చిన్న యంత్రమునకు ఈ పనిముట్లు వ్రాయు పనిలో నుండగా ఈ వాక్యమును చదివియు లక్ష్యపెట్టనైతిని. రెండు అఱలను తీసి, ఒకదానినుండి ఒకటి తీసివేసి, వచ్చినదానిని ఇచ్చితిని. ఇంగ్లీషు పేర్ల జాబితాతో పరీక్షించితిని, సరిపోయెను. తెలుగు పేర్ల జాబితాతో పరీక్షించితిని, అదియు సరిపోయెను. ఏలయనగా తెలుగు అంకెలన్నియు అప్పులైనప్పుడు వానిలో వానికి గల వరుస మాఱదు. తప్పు దాగియుండెను.

రెండు లిపులు కలిసిన జాబితా వచ్చినప్పుడు అది బయటపడెను. పెద్ద జాబితాలో పేరు వెదకుటకు యంత్రము మొదటినుండి చదువదు. మధ్యకు పోయి, కావలసిన పేరు దీనికంటె ముందా వెనుకా యని అడిగి, ఒక సగమును విడిచివేయును. మిగిలిన సగములో మరల మధ్యకు పోవును. మనము నిఘంటువును తెఱచు తీరే యిది. ఆ జాబితాను జమచదువు గల యంత్రమొకటి పేర్చినది. అందుచే ఇంగ్లీషు పేర్లు ముందు, తెలుగు పేర్లు వెనుక. వెదకినది అప్పుచదువు గల నా బల్లమీది యంత్రము. మధ్యనున్నది ఇంగ్లీషు పేరు; వెదకునది తెలుగు పేరు. నా పనిముట్టు తెలుగు పేరే ముందని చెప్పెను. యంత్రము వెనుక సగమును విడిచి ముందు సగములో వెదకి, పేరు లేదనెను. పేరు జాబితాలో నున్నది, కన్నులకు కనబడుచున్నది. యంత్రము మాత్రము లేదనును. అది పరీక్షకై చేసిన జాబితా గనుక ఎవరికిని నష్టము కలుగలేదు. అదే కిటికీయొద్ద నిలిచిన వృద్ధుని పేరైయున్నచో ఏమగునో నాకు తోచి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దిద్దుబాటు చూడగా ఒక్క మాట. అఱను జమగా చదువుమని యంత్రమునకు చెప్పుటయే.

ఇది పనిముట్టు శాస్త్రమును తప్పిన కథ. పనిముట్టు తప్పక, వాడువాడు తప్పిన కథలును కలవు.

పలకమీద ఐదు పంక్తులు వ్రాసి, వానినే అదే పలకమీద రెండు పంక్తులు క్రిందికి దింపవలెననుకొనుడు. మొదటి పంక్తిని మూడవ చోటను, రెండవదానిని నాల్గవ చోటను వ్రాసినచో, అచ్చటి పాత పంక్తులు చెఱిగిపోవును. తరువాత మూడవదానిని దింపబోవగా అక్కడ నున్నది మొదటిదే. తుదకు ఒకటి, రెండు, ఒకటి, రెండు, ఒకటి అని మిగులును. క్రిందినుండి మొదలుపెట్టి ఐదవదానిని ముందుగా దింపినచో ఏదియు చెడదు. పైకి జరుపవలసినప్పుడు పైనుండి మొదలుపెట్టవలెను. ఈ విచారము చేయునది మెమ్‌మూవ్. మెమ్‌కాపీ ఈ విచారము చేయదు. చోట్లు ఒకదానిపై నొకటి పడినచో ఏమగునో శాస్త్రము చెప్పదు. ఇది ఆ నాలుగవ తరగతి. ఐనను చాలకాలము ఆ లైబ్రరీలోని మెమ్‌కాపీ మొదటినుండి చివరకే నకలు చేయుచుండుటచే, పైకి జరుపు పనులలో దానిని వాడినవారికి హాని కనబడలేదు. 2010లో లినక్స్ యంత్రములలోని గ్లిబ్‌సీ యను లైబ్రరీవారు వేగముకొఱకు కొన్ని యంత్రములపై చివరనుండి నకలు చేయు మెమ్‌కాపీని పెట్టిరి. శాస్త్రమునుబట్టి అందు తప్పు లేదు. కాని ఫెడోరా 14 అను పంపిణీలో అడోబీవారి ఫ్లాష్ ప్రోగ్రాము వినిపించు ధ్వని చెడిపోయెను. ఏలనగా ఆ ప్రోగ్రాము మెమ్‌మూవ్ వాడవలసిన చోట మెమ్‌కాపీని వాడినది. శాస్త్రము మా పక్షమున నున్నదని ఒకరు, పాట వినువానికి శాస్త్రముతో పనియేమని మఱియొకరు వాదించిరి. 2011లో గ్లిబ్‌సీవారు, అంతకుముందు కట్టిన ప్రోగ్రాములకు పాతనడకయు, క్రొత్తవానికి క్రొత్తనడకయు దొరకునట్లు ఏర్పాటు చేసిరి. ఇది పెద్దమనుష్యుల తీర్పువలె నున్నది.

మూడవ కథ ఇంతకంటె గట్టిది. మెమ్‌కంప్ రెండు వ్రాతలను పోల్చి, సమానమైనచో సున్నయు, కాకున్నచో సున్న కాని అంకెయు ఇచ్చును. ఆ అంకె ఎంత పెద్దదో శాస్త్రము చెప్పలేదు. దాని గుఱుతు మాత్రమే ముఖ్యము. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ అను దత్తాంశ భాండారములలో రహస్యపదమును సరిచూచు చోట, ఈ అంకెను ఒక్క అఱలో పట్టించిరి. అఱలో పట్టునది 256తో భాగించగా మిగులు శేషము మాత్రమే. పాత పనిముట్లు చిన్న అంకెలనే యిచ్చుటచే ఏమియు కాలేదు. వేగవంతమైన క్రొత్త మెమ్‌కంప్ పెద్ద అంకెలను ఇయ్యసాగెను. 512 వచ్చినచో శేషము సున్న. సున్న యనగా సమానము! తప్పు రహస్యపదము చెప్పినను, సుమారు 256 పర్యాయములలో ఒకసారి తలుపు తెఱచుకొనెడిది. కొన్ని వందల ప్రయత్నములు యంత్రమునకు క్షణములోని పని. 2012 జూనులో ఈ దోషము లోకమునకు వెల్లడియైనది. అంతకుముందే దానిని దిద్దియుండిరి. తాళము గట్టిదే, తాళపుచెవియు గట్టిదే; లోపము కొలతపాత్ర మూతిలో నున్నది.

శాస్త్రమునకు లోబడుట యనగా మనకు నచ్చని వంకరలను కూడ నిలుపుట. స్ట్ర్‌ఎన్‌కాపీ అను పనిముట్టు ఒక పేరును నిర్ణీతమైన గదిలోనికి ఎత్తును. పేరు చిన్నదైనచో మిగిలిన అఱలను సున్నలతో నింపును. పేరు గదికి సరిపోయినను, మించినను, చివర ముగింపుగుఱుతైన సున్నను పెట్టదు. పూర్వము యూనిక్స్‌లో దస్త్రముల పేర్లకు 14 అఱల గదులుండెడివి. వానికై ఏర్పడిన అలవాటిది. మన ఊరి పేరునే చూడుడు. మైదుకూరు మనకు నాలుగక్షరములు. యంత్రపు లెక్కలో గుణింతపు గుఱుతులు వేఱు గనుక ఎనిమిది. ఒక్కొక్కటి మూడేసి అఱల చొప్పున 24. స్ట్ర్‌లెన్‌ను అడిగినచో 24 అనియే చెప్పును. అది అఱలను లెక్కించును గాని అక్షరములను కాదు. 20 అఱల గదిలో ఈ పేరు పెట్టినచో ‘మైదుకూ’ వఱకు నిలిచి, ‘ర’లో మూడింట రెండు వంతులు మాత్రము మిగిలి, వెఱ్ఱిగుఱుతుగా కనబడును. ఇది చూచి పనిముట్టునే మార్చుదమని నాకును తోచినది. మార్చరాదు. ఆ పాతనడకను నమ్మి వ్రాసిన ప్రోగ్రాములు లెక్కకు మిక్కిలి. గదిని పెద్దదిగా కట్టుటయే మార్గము.

మఱియొక మాట. స్ట్ర్‌కంప్ ఇచ్చు వరుస నిఘంటువరుస కాదు. మన వర్ణమాలలో ‘ఱ’ చివర నుండును. యూనికోడ్ అంకెలలో అది ‘ర’ వెంటనే నిలిచినది. భాషకు తగిన వరుస కావలసినవారికి స్ట్ర్‌కోల్ అను వేఱు పనిముట్టును శాస్త్రమే యిచ్చినది. దేనిపని దానికే.

ఇట్టి పనిముట్లను శాస్త్రసమ్మతముగా చేయువాడు మూడు పనులు చేయవలెను. మొదటిది, సూత్రమును ఒక్కొక్క మాటగా చదువుట. రెండవది, అంచులలో పరీక్షించుట. అనగా పొడవు సున్నయైనప్పుడు, అంకె 127 దాటినప్పుడు, చోట్లు ఒకదానిపై నొకటి పడినప్పుడు, రెండు లిపులు కలిసినప్పుడు ఏమగునో చూచుట. నడిమిచేను ఎవరికైనను బాగుగనే కనబడును, తగాదా గట్టుమీదనే. మూడవది, తన పనిముట్టును యంత్రభాషలోనికి దింపు కంపైలరును కనిపెట్టియుండుట. అది తెలివిగలది. నేను మెమ్‌కాపీ నిర్మించుటకై ఒక్కొక్క అఱను ఎత్తు వరుసను వ్రాయగా, జీసీసీ వంటి కంపైలరు దానిని చూచి, ఇది నకలు పని గదా యని, ఆ వరుసకు బదులు మెమ్‌కాపీనే పిలుచుమని వ్రాయవచ్చును. అప్పుడు మెమ్‌కాపీ తన్ను తానే పిలుచుకొనుచు, తన తోకను తానే మ్రింగు పామువలె ముగింపు లేక తిరుగును. ఈ తెలివిని ఇక్కడ చూపవలదని దానికి ముందుగా చెప్పి పెట్టవలెను.

పెద్దలారా, ఈ సూత్రములన్నియు మీరు జ్ఞాపకము పెట్టుకొన నక్కఱలేదు. ఒక్క సంగతి మాత్రము మీకు పనికివచ్చును. ఏ కిటికీయొద్దనైనను యంత్రము మీ పేరు లేదన్నచో, దానినే తుదిమాటగా తీసికొని వెనుదిరుగవలదు. పేరును తెలుగులో నొకసారి, ఇంగ్లీషులో నొకసారి వెదకుమని అడుగుడు. ఇంటిపేరు ముందు పెట్టి యొకసారి, వెనుక పెట్టి యొకసారి చూడుమనుడు. అప్పటికిని లేదన్నచో, జాబితానే తెఱచి కంటితో చూపుమని మర్యాదగా కోరుడు. ముద్ర వేసిన ఱాయినైనను అనుమానము కలిగినప్పుడు మరల తూచి చూచుట మన సంతలో తప్పు కాదు గదా. యంత్రము విషయమునను అంతే.

ఇక సెలవు.